వెనిస్ నాణేలు సేకరించడం ఎలా? రాగి కలిసిన చిల్లర నుంచి బంగారు డుకాట్ దాకా

వెనిస్ నాణేలు సేకరించాలనుకునేవాళ్లు సాధారణంగా ముందే బంగారు డుకాట్ మీద పడతారు. అందంగా ఉంటుంది, పేరున్న నాణెం, పైగా బంగారం. కానీ నకిలీలు దండిగా ఉన్నదీ, తెలియక కొంటే డబ్బు ఎక్కువగా పోయేదీ అక్కడే. ముందు చవక నాణేలతో కన్ను కుదుర్చుకుని, తర్వాత వెండి గ్రోసోకి వచ్చి, ఆఖరున డుకాట్ జోలికి వెళ్లమని నా సలహా. ఆ వరుసలోనే చెబుతాను.

ముందు హద్దు గీసుకోండి

1797లో నెపోలియన్ చేతిలో అంతమయ్యేదాకా వెనిస్ గణతంత్రం నాణేలు వేస్తూనే ఉంది. అన్నీ కావాలంటే ఆయుష్షూ చాలదు, జేబూ చాలదు. మధ్యయుగం వరకే అనుకుంటే పని సులువవుతుంది. 1190ల్లో డోజె ఎన్రికో దాందోలో తెచ్చిన వెండి గ్రోసోతో మొదలుపెట్టి, 1472లో డోజె నికొలో త్రోన్ వేయించిన లీరా దగ్గర ఆపేయండి. డోజె అంటే వెనిస్ అధినేత. ఎన్నికల్లో గెలిచి, చనిపోయేదాకా పదవిలో ఉంటాడు. అప్పటిదాకా నాణెం మీద డోజె అంటే జెండా పట్టుకున్న ఒక మనిషి బొమ్మే, ఎవరైనా ఒకేలా ఉంటారు. త్రోన్ మాత్రం తన సొంత ముఖం వేయించుకున్నాడు. ఆయన పోగానే ఇకపై అలా కుదరదని నిషేధం పెట్టారు. తమ అధినేత రాజులా ప్రవర్తించడం వెనిస్ పెద్దలకు అస్సలు నచ్చదు. సేకరణ ఆపడానికి ఇంతకన్నా మంచి మలుపు నాకు కనిపించలేదు.

ఈ హద్దు లోపల కూడా ఒక దారం పట్టుకోవాలి. రకానికి ఒకటి చొప్పున అరడజను నాణేలు చాలనుకోవచ్చు. లేదా ఒక్కో డోజెకి ఒక గ్రోసో అనుకోవచ్చు. ఎన్రికో దాందోలో నుంచి ఆంద్రెయా దాందోలో దాకా 14 మంది డోజెలు. వీళ్లలో చాలామంది గ్రోసోలు ఇప్పటికీ వేలాల్లో తరచూ వస్తాయి, కొన్ని మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సినవి. నాకు ఈ రెండో దారే ఇష్టం. బొమ్మ మారదు, పేరు మాత్రం మారుతుంది. చూసేవాళ్లకు అన్నీ ఒకటే, మీకు మాత్రం ఒక్కోటి ఒక్కో కథ.

నాణేల రకాలు తెలుసుకోండి

గ్రోసో: బరువు 2.1 నుంచి 2.2 గ్రాములు, దాదాపు స్వచ్ఛమైన వెండి. ఒక వైపు వెనిస్ రక్షకుడైన సువార్తికుడు మార్కు, డోజె ఇద్దరూ నిలబడి మధ్యలో ఒక జెండాకర్ర పట్టుకుని ఉంటారు. రెండో వైపు సింహాసనం మీద క్రీస్తు. ఈ రెండో వైపు అచ్చంగా బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం, నాణేల శైలి. తూర్పు దేశాల వర్తకులు చూడగానే నమ్మాలని అలా వేశారు. ఎన్రికో దాందోలో చూపు పోయిన ముసలివాడు. అయినా నాలుగో క్రూసేడ్ అనే క్రైస్తవ మతయుద్ధ సైన్యాన్ని ఓడలెక్కించి, 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను (ఇప్పటి ఇస్తాంబుల్) కొల్లగొట్టించిన మనిషి. ఆయన పేరున్న గ్రోసోకి అందుకే గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువ. మొదటి కొనుగోలుకి అది వద్దు.

డుకాట్: 1284లో డోజె జొవాన్ని దాందోలో కాలంలో మొదలైంది. మార్కు అనేది వెనిస్‌లో ఒక తూకం కొలత కూడా. ఒక మార్కు బంగారానికి 67 నాణేలు అని లెక్క, అంటే ఒక్కోటి మూడున్నర గ్రాముల పైచిలుకు. మన ఎనిమిది గ్రాముల కాసులో సగం కూడా ఉండదు. కానీ ఆ రోజుల్లో ఎంత శుద్ధి చేయగలరో అంత శుద్ధి చేసిన బంగారం. ఒక వైపు మార్కు నిలబడి, మోకాళ్ల మీద ఉన్న డోజెకి జెండా అందిస్తుంటాడు. రెండో వైపు బాదం గింజ ఆకారపు చట్రంలో చుక్కల మధ్య క్రీస్తు. ఐదు వందల ఏళ్లకు పైగా ఈ బొమ్మ మార్చలేదు, బరువూ దాదాపు అంతే. ఈజిప్టులో మమ్లూకులు, తర్వాత ఆటోమన్ సుల్తానులు తమ బంగారు నాణేలను దీని బరువుకు దగ్గరగా వేసుకున్నారు.

సొల్దీనో: 1330ల్లో డోజె ఫ్రాంచెస్కో దాందోలో తెచ్చిన చిన్న వెండి నాణెం. గ్రాముకు కాస్త అటూఇటూ. ఒక వైపు మోకరిల్లిన డోజె, మరో వైపు వెనక కాళ్ల మీద లేచిన సింహం.

టోర్నెసెల్లో: 1353లో ఆంద్రెయా దాందోలో కాలంలో మొదలైంది. రాగిలో కొద్దిగా వెండి కలిపిన చిల్లర. వేసింది వెనిస్‌లోనే అయినా క్రీట్, నెగ్రొపొంతే లాంటి గ్రీకు వలసల్లో చెలామణీ కోసం. ఒక వైపు సిలువ, మరో వైపు రెక్కల సింహం. గ్రీసులో ఇవి కుప్పలుగా దొరికాయి, అందుకే చవక.

వీటికి ముందు పిక్కొలో అనే చిన్న నాణేలున్నాయి, అరిగిపోయి, వంగిపోయి ఉంటాయి. మొదట్లో వాటిని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

పేరు చదవడం నేర్చుకోండి

వెనిస్ మధ్యయుగ నాణేల మీద సంవత్సరం ఉండదు. కాలం చెప్పేది డోజె పేరొక్కటే. కాబట్టి పేరు చదవడం రాకపోతే మీరు కొనేది ఏమిటో మీకు తెలియదు.

గ్రోసో చేతిలోకి తీసుకుని ముందు ఇద్దరిలో తల చుట్టూ వలయం ఎవరికుందో చూడండి. వలయం ఉన్నది మార్కు. ఆ వైపు అంచున ఉండేది ఎప్పుడూ ఒకటే, ‘ఎస్ ఎం వెనెటి’, అంటే వెనిస్ వారి పవిత్ర మార్కు. జెండాకర్ర పక్కన పైనుంచి కిందికి ‘డక్స్’ అనే మూడక్షరాలు, అది పదవి. వలయం లేని మనిషి వైపు అంచున ఉన్నదే మీకు కావాల్సిన పేరు. లాటిన్‌లో, కుదించి రాస్తారు. ‘యు’ ఉండాల్సిన చోట ‘వి’ ఉంటుంది. తియేపొలో అనే ఇంటిపేరు ‘తెవ్‌ప్ల్’ లాగా, మొరొసీని ‘మవ్‌రొక్’ లాగా కనబడుతుంది. జెనో అనే ఇంటిపేరు ‘జి’ అక్షరంతో మొదలవుతుంది. మొదట తికమకగా ఉంటుంది కానీ పది పన్నెండు పేర్లే కాబట్టి త్వరగా పట్టుబడుతుంది.

అసలు చిక్కు ఇంటిపేర్లతో. కాంతారినీ వంశం నుంచి ఎనిమిది మంది డోజెలయ్యారు. దాందోలోలు నలుగురు. ఇంటిపేరు చదివి ఆగిపోతే వంద రెండు వందల ఏళ్లు తేడా వచ్చేస్తుంది. దాని ముందుండే ఒకటి రెండు అక్షరాల సొంత పేరే తేల్చేది. అమ్మేవాళ్లు కూడా ఇక్కడ తప్పులు చేస్తుంటారు. మీకు చదవడం వస్తే అప్పుడప్పుడూ అరుదైన డోజె మామూలు ధరకు దొరుకుతాడు.

సాధన కోసం డబ్బు పెట్టక్కర్లేదు. న్యూమిస్టా అనే వెబ్‌సైట్‌లో రకాల వారీగా ఫొటోలున్నాయి. ఏసీసెర్చ్ అనే మరో సైట్‌లో పాత వేలాల నాణేలు వేల సంఖ్యలో ఉన్నాయి. వర్ణన చూడకుండా ఫొటో ఒక్కటే చూసి డోజె ఎవరో చెప్పి, తర్వాత సరిచూసుకోండి. రోజూ కాసేపు ఇలా చేస్తే నకిలీ కూడా తెలియకుండానే కంటికి తేడాగా కనిపించడం మొదలవుతుంది. అసలు నాణేలు కళ్లారా చూడాలంటే వెనిస్ సెయింట్ మార్క్ చౌక్‌లోని కొర్రేర్ మ్యూజియానికి వెళ్లాలి.

మొదటి కొనుగోళ్లు

మొదటగా రెండు మూడు టోర్నెసెల్లోలు కొనండి. కొన్ని పదుల యూరోల్లో దొరుకుతాయి. సింహం ముఖం స్పష్టంగా, పేరులో కనీసం సగం అక్షరాలు చదవగలిగేలా ఉన్నవి ఎంచుకోండి. వీటి మీద తప్పు జరిగినా పెద్ద నష్టం లేదు. తూకం వేయడం, భూతద్దంలో చూడడం, వివరాలు రాసుకోవడం అన్నీ వీటి మీదే అలవాటు చేసుకోవాలి.

తర్వాత ఒక గ్రోసో. తెలుగువాళ్లకు నేను చెప్పేది పియెత్రో గ్రదెనీగో గ్రోసో. 1289 నుంచి 1311 దాకా ఆయన డోజె. మోటుపల్లి గురించి, అక్కడి రాజ్యాన్ని ఏలిన రాణి గురించి రాసిన మార్కో పోలో 1295లో సొంతూరు వెనిస్ చేరేసరికి పదవిలో ఉన్నది ఈయనే. రుద్రమదేవి రాజ్యాన్ని, ఆ రేవు సరుకును వర్ణించిన మనిషి ఊళ్లో కూరగాయలకో, చేపలకో చెల్లించిన కాలపు నాణెం అది. పైగా గ్రదెనీగో గ్రోసోలు బాగానే దొరుకుతాయి కాబట్టి తొందరపడాల్సిన పని లేదు. రెనియర్ జెనో, లొరెంజో తియేపొలో, జొవాన్ని దాందోలో గ్రోసోలు కూడా అంతే.

దొరకనివి ఏవంటే, పదవిలో ఎక్కువ కాలం నిలవనివాళ్లవి. 1311లో ఎన్నికైన మరీనో జోర్జీ ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. మరీనో ఫలియేరో తన ప్రభుత్వం మీదే కుట్ర చేసి 1355లో తల పోగొట్టుకున్నాడు. 1382లో ఎన్నికైన మికెలె మొరొసీని కొన్ని నెలలకే ప్లేగుతో పోయాడు. వీళ్ల పేరుతో ఏ నాణెం చవకగా కనబడినా ముందు అనుమానించండి.

గ్రోసో కొనేటప్పుడు చూడాల్సింది నిగనిగ కాదు. అంచు కత్తిరించారా అన్నది చూడాలి. వెండి కోసం అంచు గోకి తీసేయడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మోసం. బరువు రెండు గ్రాముల కంటే బాగా తగ్గితే, అంచున అక్షరాలు సగానికి తెగిపోయి ఉంటే అది కత్తిరించిందే. అయితే 1379లో గ్రోసో మళ్లీ మొదలుపెట్టినప్పుడు వెనిసే బరువు తగ్గించింది. ఆంద్రెయా కాంతారినీ చివరి రోజుల నుంచి వచ్చిన గ్రోసోలు తేలికగా ఉంటే తప్పు కాదు. డోజె ఎవరో తెలిశాకే బరువు మీద తీర్పు చెప్పాలి.

ఇంకో సంగతి. సెర్బియా రాజులు ఈ గ్రోసోకి దగ్గర పోలికతో సొంత నాణేలు వేశారు, వెండి తక్కువ కలిపి. వెనిస్ అచ్చును చెడగొట్టాడని రాష్యా (అప్పటి సెర్బియా, రష్యా కాదు) రాజును ఇటలీ కవి దాంతే తన కావ్యంలో తిట్టాడు కూడా. ‘డక్స్’ ఉండాల్సిన చోట ‘రెక్స్’ అని, అంటే రాజు అని కనిపిస్తే అది సెర్బియాది. దాన్నీ సేకరించేవాళ్లున్నారు, కానీ వెనిస్ ధర పెట్టకండి.

ఇప్పుడు డుకాట్

ఇక్కడ మనవాళ్లకు ఒక లాభం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. ఎర్ర సముద్రం మీదుగా మిరియాలకు, బట్టలకు బదులుగా వెనిస్ బంగారం దక్షిణ భారతానికి శతాబ్దాల పాటు వచ్చింది. ఇక్కడ అది చెలామణీలో ఉండడమే కాదు, ఆడవాళ్ల మెడలోకి ఎక్కింది. తమిళ దేశంలో దాని మీది బొమ్మను తాటిచెట్టు పక్కన నిలబడ్డ కల్లుగీత మనిషిగా చూశారు. జెండాకర్రను చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. గిరాకీ పెరిగేసరికి ఇక్కడి కంసాలులు కూడా అదే బొమ్మతో కొట్టడం మొదలుపెట్టారు.

అందుకని మన దగ్గర డుకాట్ పేరుతో కనిపించేవి మూడు రకాలు. ఒకటి అసలు వెనిస్ నాణెం, కానీ ఎక్కువగా 16 నుంచి 18వ శతాబ్దం వరకు వేసినది. బొమ్మ మారలేదు కాబట్టి మధ్యయుగానిదని అమ్మేస్తారు. పేరు చదివితే తేలిపోతుంది. ఆఖరి డోజె లుదొవీకో మానిన్ పేరు ఉంటే అది 1789లోనో, ఆ తర్వాతో వేసినది. రెండోది భారతీయ అనుకరణ. అక్షరాలు అక్షరాల్లా ఉండవు, గీతలూ చుక్కలూ ఉంటాయి. మార్కు, డోజె ముఖాలు బొమ్మల పెళ్లిలో బొమ్మల్లా ఉంటాయి. బంగారం మంచిదే అయినా అంత స్వచ్ఛం కాదు. ఇవి నకిలీలు కావు, వాటికీ చరిత్ర ఉంది, ఇష్టమైతే కొనండి. కానీ అనుకరణ అని తెలిసి, ఆ ధరకే కొనండి. మూడోది ఈ మధ్య అచ్చు పోసిన అసలైన నకిలీ.

మధ్యయుగపు డుకాట్ కావాలంటే ఆంద్రెయా దాందోలో, ఆంద్రెయా కాంతారినీ, ఆంతోనియో వెనియెర్, మికెలె స్తేనో, తొమ్మాసో మొచెనీగో, ఫ్రాంచెస్కో ఫోస్కరి పేర్లు వెతకండి. ఇవి ఎక్కువగా దొరికేవి. 1284 నాటి జొవాన్ని దాందోలో డుకాట్ సంగతి వేరే, అది పెద్ద వేలాల సరుకు.

మన దేశంలో తిరిగిన డుకాట్లలో చాలావాటికి కొక్కెం అతికించారు, లేదా చిల్లు పెట్టారు. కొక్కెం తీసేసి, అంచు సాపు చేసి అమ్ముతారు. డోజె తల పైన అంచుని భూతద్దంలో చూడండి. టంకం మరక, మిగతా అంచు కంటే నునుపైన చోటు, అక్షరాలు మసకబారిన చోటు ఉంటే అది నగలోంచి వచ్చింది. అలాంటి నాణెం ధర బాగా తగ్గాలి. కొద్దిగా వంగి ఉండడం, అలలా ఉండడం మాత్రం తప్పు కాదు. పల్చని బంగారం కాబట్టి వంగుతుంది.

పరీక్షలు

0.01 గ్రాము చూపే చిన్న త్రాసు, పది రెట్ల భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలా నకిలీలు ఇంట్లోనే పట్టుబడతాయి. పోత పోసిన నకిలీ మీద చిన్న చిన్న బుడగల గుంతలు, అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటాయి. అక్షరాల మూలలు సబ్బులా నున్నగా ఉంటాయి. దెబ్బ కొట్టి ముద్రించిన అసలు నాణెంలో అక్షరం పక్కన లోహం జరిగిన జాడ కనిపిస్తుంది.

నీళ్లలో తూచి బంగారం స్వచ్ఛత తేల్చే పద్ధతి చాలామందికి తెలుసు. డుకాట్‌కి అది మామూలు త్రాసుతో కుదరదు. మూడున్నర గ్రాముల మేలిమి బంగారం 0.18 గ్రాముల నీటిని తప్పిస్తుంది, 22 క్యారట్లదైతే 0.20కి కాస్త తక్కువ. తేడా 0.015 గ్రాములే. 0.001 గ్రాము చూపే త్రాసు లేకుండా ఆ పరీక్ష చేసి టెన్షన్ పడకండి. దాని బదులు బంగారం దుకాణాల్లో ఉండే క్యారట్ మీటర్‌లో పెట్టించండి. నాణేనికి ఏమీ కాదు. అది పైపొరనే చూస్తుంది కాబట్టి బరువుతో కలిపి అర్థం చేసుకోవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నాణేన్ని గీటురాయి మీద రుద్దనివ్వకండి, యాసిడ్ చుక్క వేయనివ్వకండి. నాణెం ఇచ్చి మీరు పక్కకు తిరిగేలోపే కంసాలి అలవాటుగా రుద్దేస్తాడు. ఒక్క గీటుతో సేకరణ విలువ పోయి తూకం విలువ మిగులుతుంది.

ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి

గ్రోసో అయినా, డుకాట్ అయినా, పేరున్న వేలం సంస్థల్లోనో, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామని రాసిచ్చే వ్యాపారుల దగ్గరో కొనండి. వేలంలో పలికిన ధరతో లెక్క ముగియదు. కమీషన్ చాలాచోట్ల దాదాపు ఐదో వంతు ఉంటుంది, దాని మీద పోస్టేజీ, పన్నులు. మొత్తం కలిపి ముందే ఒక అంకె రాసుకుని, అది దాటితే చెయ్యి దించేయండి. డుకాట్ మొదటిసారి కొంటుంటే నాణేలు పరీక్షించే ఎన్‌జీసీ లేదా పీసీజీఎస్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసినది తీసుకోవడం మంచిది. ఆ పెట్టెలకు కూడా నకిలీలున్నాయి, నంబరు వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి.

ఇటలీ నుంచి తెప్పించుకుంటే అక్కడి ప్రభుత్వ ఎగుమతి అనుమతి కావాలి, అది వారాలు నెలలు పడుతుంది. అనుమతి ఎవరు తీసుకుంటారో డబ్బు కట్టకముందే అడగండి. మన దేశంలోకి బంగారు నాణెం తెప్పించడం వెండి నాణెమంత సులువు కాదు, కస్టమ్స్ బ్రోకర్‌తో ముందే మాట్లాడుకోండి. కవరు మీద ‘గిఫ్ట్’ అని రాసి పంపుతామనేవాళ్ల దగ్గర కొనకండి.

అటు వైపు కూడా చట్టముంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో ఉన్న వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నిషేధం. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉన్న పిల్లలకు అమ్మమ్మ కాసులు సూట్‌కేసులో పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పొలంలో దొరికిందంటూ ఎవరైనా మట్టి అంటిన డుకాట్లు తెస్తే ముట్టుకోకండి. నిజంగా దొరికితే 1878 నిధి చట్టం కింద కలెక్టర్‌కి చెప్పాలి. నిజం కాకపోతే ఆ మట్టి నిన్న అంటించింది.

దాచడం, రాసుకోవడం

కడగకండి. కుంకుడురసం, చింతపండు, విభూతి, పళ్లపొడి, ఏదీ వద్దు. నగకు పనికొచ్చేది నాణేనికి పనికిరాదు. గ్రోసో మీద నల్లగా పట్టిన పొర దాని వయసుకు సాక్ష్యం, అది పోతే ధర కూడా పోతుంది. మెత్తని పీవీసీ కవర్లు కొన్నాళ్లకు ఆకుపచ్చగా జిగురు పట్టిస్తాయి, గట్టి ప్లాస్టిక్ గుళికలు వాడండి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ఊళ్లలో వెండి త్వరగా నల్లబడుతుంది, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడూ మార్చండి. పట్టుకున్నప్పుడు అంచులే పట్టుకోండి, కింద మెత్తని గుడ్డ పరుచుకోండి.

ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి. డోజె పేరు, రకం, బరువు, వ్యాసం, ఎక్కడ ఎంతకు కొన్నారు, పాపాదోపోలి లేదా కార్పుస్ నుమ్మోరుమ్ ఇతాలికోరుమ్ అనే నాణేల జాబితా పుస్తకాల్లోని నంబరు. వేలం వర్ణనల్లో వెనిస్ నాణేలకు తరచూ ఇచ్చే నంబర్లలో ఈ రెండూ ఉంటాయి. ఫొటో రెండు వైపులా తీసి ఫోన్‌లో కాకుండా మరో చోట కూడా ఉంచండి. బిల్లులు పారేయకండి. అమ్మేటప్పుడు ఈ నాణెం మీ దగ్గరకు చట్టబద్ధంగా వచ్చిందని చూపించేది అవే. డబ్బా మూత లోపల తెలుగులో ఒక కాగితం కూడా అంటించండి: ఇవి తూకానికి అమ్మేవి కావని, అమ్మాలంటే ఎవరిని అడగాలో, ఏ వేలం సంస్థకు రాయాలో.